తెలుపు కాదు... పేరు మిగలాలి

పాలరాయి శాశ్వతమని నమ్మి అయినవాళ్ల పేరు దానిమీద చెక్కిస్తాం. ఎండ, వాన, పొగ దాన్ని మెల్లగా తింటాయి. మనం ప్రేమతో చేసే శుభ్రం ఒక్కోసారి వాటికన్నా వేగంగా తింటుంది. పాత పాలరాతి సమాధులు ఎందుకు అరుగుతాయి, వాటిని ఎలా చూసుకోవాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

సీసా మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టింది. నాన్న తల పక్కకు తిప్పుకుని, నాయనమ్మ సమాధి మీది పాలరాతి పలక మీద యాసిడ్ ధారగా పోశారు. రాయి బుసబుసమంది. తెల్లటి నురగ అక్షరాల మీదుగా పాకి, పలక అంచు నుంచి మట్టిలోకి జారింది. వెనకే నేను చెంబుతో నీళ్లు పోశాను. కొత్త రాయిలా తెలుపు బయటపడింది. ఇద్దరం సంతోషించాం. తెల్లారితే నవంబరు 2, సమాధుల పండుగ. ఊరంతా సమాధుల తోటకు వస్తుంది. కొవ్వొత్తులు వెలిగిస్తారు, బంతిపూలు పరుస్తారు, ఫాదర్‌గారు వరస వరసకీ నడిచి పవిత్ర జలం చల్లుతారు. అందరి కళ్లముందూ నాయనమ్మ సమాధి మాసిపోయి ఉండకూడదన్నదే మా ఆలోచన.

ఆ తర్వాత మూడేళ్లూ అదే పని చేశాం. నాలుగో ఏడు పలక మీద చెయ్యి వేస్తే అరచేతికి తెల్లటి పలుకులు అంటుకున్నాయి, పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి తీసినట్టు. పేరులో తలకట్లు కనపడలేదు. చివరి 'మ్మ' కింది వత్తు రాయితో సమానంగా చదునైపోయింది. పక్క సమాధికి కొత్త పలక బిగిస్తున్న పెద్దాయన, పేర్లు చెక్కడమే వృత్తిగా బతికిన మనిషి, వచ్చి వేలితో తడిమి చూశాడు.

"యాసిడ్ పోశారా అమ్మా?"

అవునన్నాను.

"మురికి పోలేదమ్మా. మురికి పట్టుకున్న రాయి పోయింది."

ఆ మాట నన్ను వదల్లేదు. నాయనమ్మ పేరును మా చేతులతో మేమే చెరిపామన్న బాధ ఈ కథనం రాయించింది. ఇంకో ఇంట్లో ఇంకెవరూ ఆ సీసా మూత తీయకూడదని.

సున్నపురాయికి తెల్లబిడ్డ

పాలరాయి, చలువరాయి, మార్బుల్... ఏ పేరుతో పిలిచినా దాని పుట్టిల్లు సున్నపురాయే. సముద్రం అడుగున గవ్వలూ చిప్పలూ సూక్ష్మజీవుల పెంకులూ పేరుకుని, గట్టిపడి సున్నపురాయి అవుతాయి. అది భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై, కరగకుండానే లోలోపల మళ్లీ పలుకులు కట్టుకుంటే పాలరాయి. రూపం మారినా పదార్థం మారలేదు. అది కాల్షియం కార్బొనేట్, ఆ పలుకుల పేరు కాల్సైట్. పగలగొట్టిన పాలరాతి ముక్కను ఎండలో తిప్పి చూస్తే మిలమిలా మెరిసేవి అవే.

రాళ్ల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో కాల్సైట్ స్థానం 3. మన గోరు సుమారు రెండున్నర. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ 7. పాలరాయి ఉలికి అంత సులువుగా లొంగేది, సన్నటి లతలూ అక్షరాలూ అంత అందంగా పలికేది ఈ మెత్తదనం వల్లే. గోరు కన్నా కొంచెం గట్టిదైన ఆ రాయి మీద ఇనుప బ్రష్షు ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పాలరాయికి అసలు శత్రువు పులుపు. వంటింట్లో గ్రానైట్ గట్టు మీద నిమ్మచెక్క రాత్రంతా ఉన్నా ఏమీ కాదు. అదే పాలరాతి గచ్చు మీద ఉంటే తెల్లారేసరికి మెరుపు చచ్చి గుండ్రటి మచ్చ మిగులుతుంది. తుడిస్తే పోదు, ఎందుకంటే అది రాయి మీద పడ్డ మరక కాదు, రాయిలో పడ్డ గుంట. బాత్రూములు కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆ పనినే క్షణాల్లో చేస్తుంది. కాల్షియం నీళ్లలో కరిగిపోతుంది, మిగిలింది గాలిగా ఎగిరిపోతుంది. మేము విన్న బుసబుస అదే.

ఆ గాలిని కనిపెట్టినవాడి సమాధి

ఆ నురగలో ఉన్న గాలి సంగతి తేల్చినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో వైద్య పట్టా కోసం 1754లో ఆయన సమర్పించిన పరిశోధన, రసాయనశాస్త్రం దారినే మార్చింది. మెగ్నీషియా, సున్నపురాయి లాంటి పదార్థాల్లో ఒక గాలి బంధించి ఉందనీ, వాటిని కాల్చినా, ఆమ్లం తగిలించినా ఆ గాలి విడుదలవుతుందనీ నిరూపించాడు. దానికి 'ఫిక్స్‌డ్ ఎయిర్', అంటే కట్టుబడి ఉన్న గాలి అని పేరు పెట్టాడు. సున్నపు తేటలోకి గొట్టంతో ఊపిరి ఊది, తేట పాలలా తెల్లబడటం చూసి, మనం వదిలే ఊపిరిలోనూ ఆ గాలే ఉందని గుర్తించాడు. ఇవాళ మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాన్నే.

బ్లాక్ 1799లో కన్నుమూశాడు. ఎడిన్‌బరాలోని గ్రేఫ్రయర్స్ చర్చి ఆవరణలో ఆయన్ని సమాధి చేసి, తెల్లటి పాలరాతి పలక మీద లాటిన్‌లో ఆయన ఘనతను చెక్కించారు.

ఎనభై ఏళ్లు గడిచాయి. అదే నగరానికి చెందిన భూగర్భశాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ గీకీ చర్చి ఆవరణలన్నీ తిరగడం మొదలుపెట్టాడు. కొండలు, లోయలు అరిగే వేగాన్ని లెక్కగట్టడం కష్టం, అవి ఎప్పుడు మొదలయ్యాయో మనకు తెలియదు కాబట్టి. సమాధి రాయి మీద మాత్రం తేదీ ఉంటుంది. ఆ రోజుకి అది కొత్తది, నున్నగా ఉంది. ఇవాళ ఎంత పోయిందో చూస్తే వేగం తెలిసిపోతుంది. ప్రతి సమాధీ తనకు తానుగా నడుస్తున్న ఒక ప్రయోగం. 1880లో ఆయన ప్రచురించిన వ్యాసం, రాళ్ల అరుగుదల మీద ఇప్పటికీ అందరూ మొదట తలుచుకునే రచన.

అందులో జోసెఫ్ బ్లాక్ సమాధి ప్రస్తావన ఉంది. అప్పటికే ఆ పలక మీది రాత కొన్నిచోట్ల చదవడానికి వీల్లేకుండా పోయింది. వాననీరు గాలిలోంచి పడుతూ తనలో కలుపుకునే ఆ 'కట్టుబడి ఉన్న గాలి', నగరం నిండా కమ్మిన బొగ్గుపొగ, రెండూ కలిసి ఆ గాలిని కనిపెట్టినవాడి పేరునే కరిగించేశాయి. ఆ పేజీ చదివినప్పుడు మా సమాధుల తోటా, అంత దూరంలోని ఎడిన్‌బరా చర్చి ఆవరణా ఒక్కచోటికి వచ్చినట్టనిపించింది. అక్కడ ఎనభై ఏళ్ల వాన చేసిన పనిని ఇక్కడ మేము నాలుగు సీసాలతో చేశాం.

గీకీ తేల్చిన మాట సూటిగానే ఉంది. పొగ కమ్మిన ఆ నగరపు ఆరుబయట పాలరాయి నూరేళ్లు కూడా నిలవదు. అదే ఆవరణలో పలకరాతి మీద, మంచి జాతి ఇసుకరాతి మీద అంతకన్నా పాత రాతలు తేటగా కనిపిస్తున్నాయి.

రాయి ఎలా పోతుంది?

పాలరాయి చెడిపోయే దారులు మూడని గీకీ చెప్పాడు. పైపైన కరగడం, లోపల పలుకులు విడిపోవడం, పలక మొత్తం వంగి పగలడం. నూటనలభై ఏళ్లు దాటినా ఆ విభజన నిలిచే ఉంది. దేనివల్ల ఏది జరుగుతుందో మాత్రం ఇప్పుడు మరింత తెలుసు.

మొదటిది కరగడం. ఏ కాలుష్యమూ లేని చోట కూడా వాననీరు కాస్త పుల్లగానే ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడంతో దాని పీహెచ్ సుమారు 5.6. ప్రతి వానా ఒక పలచటి పొరను తీసుకుపోతుంది. బొగ్గు, డీజిల్ పొగలోని గంధకం, నత్రజని వాయువులు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. దీన్ని కళ్లతో చూడాలంటే సీసపు అక్షరాలున్న పాత సమాధులు చూడాలి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల పాలరాతిలో చిన్న రంధ్రాలు తొలిచి, సీసాన్ని సుత్తితో కొట్టి దిగ్గొట్టి, రాయితో సమానంగా నున్నగా గీకేవారు. కాలం గడిచేకొద్దీ రాయి తగ్గుతుంది, సీసం అలాగే ఉంటుంది. ఒకప్పుడు వేలికి తగలని అక్షరం ఇప్పుడు గట్టులా పైకి లేచి ఉంటుంది. ఆ ఎత్తు కొలిస్తే, రాసిన తేదీ నుంచి ఇవాళ్టిదాకా ఎంత రాయి పోయిందో లెక్క తేలుతుంది. చాలా దేశాల్లో బడిపిల్లలూ ఔత్సాహికులూ ఇలా కొలిచి శాస్త్రవేత్తలకు సాయపడ్డారు.

ఇదే పొగ, వాన తగలని మూలల్లో మరో రూపం ఎత్తుతుంది. గంధకం వాయువు తేమతో కలిసి కాల్సైట్‌ను జిప్సంగా మారుస్తుంది. వాన పడేచోట ఆ జిప్సం కొట్టుకుపోతుంది. చూరు కింద, పూల చెక్కడాల సందుల్లో, శిలువ చేతుల కింది భాగంలో మాత్రం పేరుకుంటుంది. మసిని, దుమ్మును పట్టుకుని నల్లటి పెచ్చు కడుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది. ఆ పెచ్చు ఊడితే లోపల రాయి పిండిలా రాలుతుంది.

రెండోది పలుకులు విడిపోవడం. కాల్సైట్‌కు ఒక వింత గుణం ఉంది. వేడెక్కితే ఒక దిక్కుగా సాగుతుంది, దానికి అడ్డదిక్కుగా ముడుచుకుంటుంది. పాలరాతిలో పలుకులు తలో దిక్కుకు తిరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎండ ఎక్కిన ప్రతిసారీ ఒకటి తోస్తుంది, పక్కది లాగుతుంది. చల్లబడితే మళ్లీ అదే పెనుగులాట. ఏళ్లు గడిచేసరికి అతుకులు వదులవుతాయి, ఆ సందుల్లోకి నీరు దిగి మిగతాది కరిగిస్తుంది. అప్పుడే రాయి పంచదారలా రాలుతుంది. రాళ్ల సంరక్షణ చేసేవాళ్లు దీన్ని 'షుగరింగ్' అంటారు. మా అరచేతికి అంటింది అదే.

మూడోది వంగడం. పలచటి పలకలో ఈ పెనుగులాటే మొత్తం రాయిని విల్లులా వంచుతుంది. ఇది పెద్ద భవనాలకూ తప్పలేదు. హెల్సింకీలో ఆల్వార్ ఆల్టో కట్టిన ఫిన్లాండియా హాల్ గోడలకు తొడిగిన ఇటలీ కరారా పాలరాతి పలకలు వంగిపోతే 1990ల చివర్లో మార్చారు. కొత్తవీ వంగాయి. షికాగోలో ఎనభై అంతస్తులు దాటిన ఒక భవనానికి తొడిగిన కరారా పలకలన్నీ తీసేసి, 1990ల మొదట్లో గ్రానైట్ బిగించాల్సి వచ్చింది. మన సమాధుల మీద వేసే పలకలు ఎంత పలచనో గుర్తుచేసుకుంటే, అవి మధ్యలో ఉబ్బి అంచులు లేవడం ఆశ్చర్యం కాదు.

వీటికి తోడు ప్రాణమున్నవి కూడా రాయి మీద కాపురం పెడతాయి. నీడన ఉన్న రాయికి పచ్చటి నాచు పడుతుంది. ఎండలో ఉన్నదానికి బూడిదరంగు, నారింజరంగు లైకెన్లు పడతాయి. మసాలాల్లో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. ఇవి ఆమ్లాలు వదులుతూ పలుకుల సందుల్లోకి నూలుపోగుల్లాంటి వేళ్లు దింపుతాయి. పొడిగా ఉన్నప్పుడు గీకితే వాటితోపాటు రాయీ ఊడివస్తుంది.

మన నేల మీద

మన దగ్గర మంచు గడ్డకట్టి రాళ్లు పగలగొట్టదు. ఆ ఒక్కటీ తప్ప మిగతా కష్టాలన్నీ ఉన్నాయి. వేసవిలో కాలు పెట్టలేనంత కాలిన రాయి మీద తొలకరి చినుకులు పడతాయి. భీమిలి, బందరు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఉంటుంది. నేలలోని ఉప్పు తేమ, దీపపు వత్తి నూనె పీల్చినట్టు, సమాధి అడుగు నుంచి పైకెక్కుతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు రాయిలోనే గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. గోడ పగుళ్లలో రావిమొక్క మొలిస్తే వేళ్లు మిగతా పని పూర్తి చేస్తాయి.

ఏ రాయి ఎలా తట్టుకుంటుందో చూడాలంటే హైదరాబాద్ చాలు. కుతుబ్‌షాహీ సమాధుల్లో పాలకుల గోరీల మీది నల్లరాతిపై చెక్కిన రాతలు నాలుగు వందల ఏళ్లకీ పదునుగా ఉన్నాయి. అది బసాల్ట్, పులుపుకు లొంగదు. మక్కా మసీదులో అసఫ్‌జాహీ పాలకుల గోరీలు పాలరాతివి, వాటిని కప్పు కింద ఉంచారు. పాలరాయిని ప్రేమించినవాళ్లు దానికి నీడ ఇచ్చారు. కుతుబ్‌షాహీ సమాధుల్లో 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ మొదలుపెట్టిన పునరుద్ధరణలో పెద్ద పని, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును తొలిచి తీసి, మళ్లీ సున్నం వాడటమే. మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతును విప్పడానికి ఏళ్లు పట్టింది.

పాలరాతి సమాధుల్లో ప్రపంచం మొత్తానికి తెలిసినది తాజ్‌మహల్. రాజస్థాన్ మక్రానా పాలరాయి అది. చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని కాలుష్యం నుంచి కాపాడాల్సిన మండలంగా గుర్తించారు. అందులో బొగ్గు వాడే పరిశ్రమలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు ఇచ్చింది. పసుపెక్కిన రాయిని శుభ్రం చేయడానికి పురావస్తు శాఖ 1990ల నుంచి వాడుతున్నది మన అమ్మమ్మలు ముఖానికి పూసుకున్న ముల్తానీ మట్టే. మెత్తటి ముద్దగా పూసి, ఆరనిచ్చి, నీటితో కడుగుతారు. మట్టి మురికిని పీల్చుకుంటుంది, రాయిని గీకదు. అంతటి కట్టడానికే అంత మెత్తగా చెయ్యి వేస్తున్నారు.

మన పండుగ రోజు అలవాట్లనూ ఒకసారి చూసుకోవాలి. కొవ్వొత్తి మైనం రాయి రంధ్రాల్లోకి ఇంకుతుంది. బంతిపూలు తడిసి కుళ్లితే పసుపు మరక దిగుతుంది. నూనె పడితే ముదురు మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. వెలిసిన రాయి కనపడకుండా ఏటా ఎనామిల్ రంగు వేసేవాళ్లున్నారు. ఆ రంగు పొర కింద తేమ బయటికి పోలేక రాయిని లోపల్నుంచి కుళ్లబెడుతుంది. సున్నం వేసిన ఇటుక సమాధికి ఆ బెంగ లేదు. సున్నం ఊపిరి పీలుస్తుంది. అందుకే ఇటుక సమాధికి సున్నం, పాలరాతికి ఒట్టి నీళ్లు. ఇంతే గుర్తుపెట్టుకోవాల్సింది.

చెంబు నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక

కడగడానికి ముందు చూడటం ఉంది. పలక మూల మీద, అక్షరాలు లేని చోట, వేలితో మెల్లగా రుద్దాలి. పలుకులు అంటితే అక్కడితో ఆగిపోవాలి. ఆ రాయి బ్రష్షును కూడా తట్టుకోదు. వేలి కణుపుతో తట్టి వినాలి. డొల్ల శబ్దం వస్తే పొర లోపల విడిపోయిందని అర్థం. పగుళ్లు, ఒరిగిన శిలువ, కదులుతున్న పలక కనపడితే శుభ్రం సంగతి తర్వాత, ముందు తెలిసినవాళ్లకు చూపించాలి. చెయ్యి వేసేముందు ఫొటో తీసి పెట్టుకోవాలి.

రాయి గట్టిగానే ఉంటే, ఎండ తగ్గాక మొదలుపెట్టాలి. కాలిన రాయి మీద నీళ్లు పోయకూడదు. తీరప్రాంతపు ఉప్పునీటి బోర్లు, ఇనుము ఎర్రగా తేలే బోర్లు పనికిరావు. తాగే నీళ్లే తీసుకెళ్లాలి. ముందు పలకంతా నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. సగం మురికి అక్కడే వదులుతుంది. తర్వాత మెత్తటి కుచ్చు బ్రష్షుతో గుండ్రంగా, బలం పెట్టకుండా, కింది నుంచి పైకి తోమాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీరు కింద పొడిరాయి మీద చారలు కట్టి ఇంకిపోతుంది. అక్షరాల సందులకు పిల్లల పళ్ల బ్రష్షు చాలు. తోముతున్నంతసేపూ పక్కన ఒకరు చెంబుతో నీళ్లు పోస్తూనే ఉండాలి. ఇది ఇద్దరి పని. అమ్మాయి నీళ్లు పోస్తే నాన్న తోముతాడు. ఆ గంటసేపు ఇద్దరూ పోయినామె గురించి మాట్లాడుకుంటారు.

నాచు, రాతిపువ్వు పడితే బాగా తడిపి, అవి మెత్తబడ్డాక వెదురు చీలికతో మెల్లగా లేపాలి. రానిదాన్ని వదిలేయాలి. మొండిగా ఉంటే క్వాటర్నరీ అమ్మోనియం రకపు మందులు కనపడని మూల మీద పరీక్షించి వాడవచ్చు. అమెరికా సైనిక శ్మశానాల్లోని తెల్ల పాలరాతి సమాధుల కోసం అక్కడి సంరక్షణ సంస్థలు 2004 నుంచి ఇలాంటి శుభ్రపరిచే మందుల మీద పరీక్షలు చేశాయి. బ్లీచింగ్ జోలికి పోవద్దనే సంరక్షకులందరి మాట. బ్లీచింగ్ మొదట తళతళలాడిస్తుంది, తర్వాత అది వదిలిన ఉప్పు రాయిలో గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది.

విరిగిన పలకను సిమెంటుతో అతికించకూడదు. సిమెంటు పాలరాతి కన్నా గట్టిది, కదలనివ్వదు. ఒత్తిడి వచ్చినప్పుడు అతుకు నిలబడి పక్కన రాయి పగులుతుంది. పాత శిలువల్లో బిగించిన ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి లోపల్నుంచే రాయిని చీలుస్తాయి. మార్చాల్సి వస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి, సున్నపు అడుసుతో కూర్చాలి. నీరు చుట్టూ నిలవకుండా సమాధి పక్కన వాలు ఇవ్వడం, పైన వాలిన కొమ్మ కొట్టేయడం, ఏ రసాయనం కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ఏటా తోమాల్సిన అవసరం కూడా లేదు. ఆకులు తుడవడం, పూలు మర్నాడే తీసేయడం, మైనం గట్టిపడ్డాక చెక్కముక్కతో లేపడం... పండుగకు ఇవి చాలు. నీళ్లతో కడగడం కొన్నేళ్లకొకసారి.

పాలరాతి సమాధికి ఇవి వద్దు

• యాసిడ్, నిమ్మరసం, చింతపండు, వెనిగర్: ఏ పులుపైనా రాయిని కరిగిస్తుంది.
• బ్లీచింగ్ పౌడర్, బట్టల సబ్బుపొడి, వంటసోడా: ఉప్పు మిగిలిపోతుంది.
• ఇనుప బ్రష్షు, స్టీలు పీచు, గరుకు కాగితం: అక్షరాల అంచులు పోతాయి.
• ప్రెషర్ వాషర్: నీటి దెబ్బకు వదులైన పలుకులు ఊడిపోతాయి.
• మళ్లీ పాలిష్: మెరుపు కోసం ఒక పొర మొత్తం పోతుంది.
• వార్నిష్, వాటర్‌ప్రూఫ్ పూత, ఎనామిల్ రంగు: తేమ లోపలే బందీ అవుతుంది.
• చదవడానికి సుద్దముక్క, పిండి, షేవింగ్ క్రీము రుద్దడం: రాయి గీసుకుపోతుంది, నాచుకు తిండి దొరుకుతుంది.

ముందు అక్షరాన్ని దాచుకోవాలి

ఎంత బాగా చూసుకున్నా ఆరుబయట పాలరాయికి ఒక ఆయుష్షు ఉంది. గీకీ చెప్పిందీ అదే. అందుకే రాయి ఉండగానే రాతను వేరేచోట భద్రపరచాలి. ఈ సంగతి తెలిసిన ఒక ఉద్యోగి మన తాతల కాలంలోనే మనకు ఒక గొప్ప సాయం చేశాడు. జూలియన్ జేమ్స్ కాటన్ అనే సివిల్ సర్వెంట్ మద్రాసు రాజధానిలోని చారిత్రక సమాధుల రాతలన్నీ సేకరించి 1905లో పుస్తకంగా అచ్చువేయించాడు. అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి. రాయి మీద అరిగిపోయినా ఆ కాగితాల మీద పేరు మిగులుతుంది. దక్షిణాసియాలోని పాత యూరోపియన్ శ్మశానాల కోసం 1976లో లండన్‌లో మొదలైన సంఘం ఇప్పటికీ ఇలాంటి నమోదులే చేయిస్తోంది. దాని పత్రిక పేరు 'చౌకీదార్'.

మన ఊరి సమాధుల తోటకు ఆ పని ఎవరు చేస్తారు? మనమే చేయాలి. ఫోన్ చాలు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అరిగిన అక్షరం కనపడదు. పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు వెలుగులో కనపడుతుంది. పగలైతే ఒకరు అద్దం పట్టుకుని ఎండను పక్కనుంచి రాతిమీదికి మళ్లించాలి. చీకటిపడ్డాక టార్చిలైటు రాయికి ఆనించినట్టు పక్కనుంచి వేయాలి. ఎంత లోతు తగ్గినా గాడి అంచున సన్నటి నీడ పడుతుంది, ఆ నీడే అక్షరాన్ని చదివిస్తుంది. పేరు, తేదీలు, కింద రాసిన వాక్యం, చెక్కినవాడి గుర్తు ఏదైనా ఉంటే అది, అన్నీ నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. తెలుగు అక్షరానికి ఈ జాగ్రత్త మరింత అవసరం. మన అక్షరం ఒంటరిది కాదు. తలకట్టు, గుడి, దీర్ఘం, వత్తు... చిన్నచిన్న గీతల మీదే పేరు ఆధారపడుతుంది. ఆ సన్నటి గీతలే మొదట పోతాయి. 'సు' కాస్తా 'స' అవుతుంది, 'మ్మ' కాస్తా 'మ' అవుతుంది. మనవళ్ల తరానికి అది ఎవరి పేరో తెలియదు.

అరిగిన అక్షరాన్ని మళ్లీ లోతుగా చెక్కిస్తే కొత్తది వస్తుంది, పాత చేతిరాత పోతుంది. పక్కనే చిన్న గ్రానైట్ ఫలకం పెట్టి అందులో పూర్తి పేరు చెక్కించడం మేలు. పాత పలక పాత పలకగానే ఉండనివ్వాలి.

లండన్ వెళ్లిన తెలుగువాళ్లు కెన్సల్ గ్రీన్ శ్మశానంలో 1884లో నిద్రించిన సి.పి. బ్రౌన్ సమాధి చూడాలనుకుంటారు. డోర్కింగ్ వెళ్లి 1899లో పోయిన ఆర్థర్ కాటన్ సమాధికి దండం పెట్టుకుంటారు. మన భాషకు, మన పొలాలకు చేసిన మేలును తలుచుకునే మంచి అలవాటు అది. అక్కడైనా ఇక్కడైనా ఒకటే మాట. అనుమతి లేకుండా ఏమీ రుద్దకండి. పువ్వు పెట్టండి, ఫొటో తీసుకోండి, చదివి రాసుకోండి.

పోయినేడు నవంబరు 1 సాయంత్రం నాన్నా నేనూ మళ్లీ వెళ్లాం. యాసిడ్ సీసా తీసుకెళ్లలేదు. పలక మీద రాలిన వేపాకులు చేత్తోనే ఏరాం. రాయి పలుకులు రాలుతోంది కాబట్టి బ్రష్షు కూడా ఆనించలేదు. పలక పసుపుగా, మచ్చలుగానే ఉంది. పక్క సమాధులన్నీ తళతళలాడుతుంటే నాన్నకు మొదట కాస్త చిన్నతనంగా అనిపించింది.

చీకటి పడ్డాక ఫోన్ లైటు పలక అంచుకు ఆనించి పట్టుకున్నాను. నాన్న మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, వంగి చూశారు. వెలుగును వేలెడంత కిందికి దించితే గరుకురాతి మీద సన్నటి నీడలు లేచాయి. మొదటి అక్షరం దొరికింది, రెండోది దొరికింది. చివరి 'మ్మ' దగ్గర, పూర్తిగా పోయిందనుకున్న వత్తు, వెంట్రుకంత నీడగా కనిపించింది. నాన్న గాల్లోనే వేలితో దాన్ని దిద్దారు, రాయిని తాకకుండా. తర్వాత వాళ్లమ్మ పేరు మొత్తం పైకి చదివారు.